అప్‌డేట్: థేరవాదమా, జెన్‌నా, వజ్రయానమా అని అడిగాను కదా

మూడు నెలల క్రితం అడిగింది నేనే. బౌద్ధం మొదలుపెట్టాలనుంది, ఇన్ని శాఖల్లో ఏది ఎంచుకోవాలి అని. "ముందు కూర్చో, తర్వాత ఎంచుకో" అని ఒకరన్నారు. అప్పుడు చిరాకేసింది గానీ, చివరికి ఆ మాటే పనికొచ్చింది.

రోజూ పొద్దున్నే పదిహేను నిమిషాలు ఆనాపానసతి చేస్తున్నాను. వచ్చే ఊపిరిని, పోయే ఊపిరిని గమనించడం, అంతే. మొదటి రెండు వారాలు నరకం. మోకాళ్ళు లాగేవి, ఆఫీసు గొడవలన్నీ సరిగ్గా అప్పుడే గుర్తొచ్చేవి. మనసు పారిపోతే ఫెయిలయ్యానని టెన్షన్ పడేదాన్ని. పారిపోయిందని గుర్తించి వెనక్కి తేవడమే సాధన అని ఆలస్యంగా అర్థమైంది.

పంచశీలాలు, అంటే బౌద్ధులు పాటించే ఐదు నియమాలు, తేలికనుకున్నాను. నాలుగోది, అబద్ధమాడకపోవడం, ఇప్పటికీ నన్ను ఓడిస్తోంది. బయల్దేరకుండానే "దారిలో ఉన్నా" అనడం కూడా అబద్ధమేగా!

శాఖల గందరగోళం మాత్రం చాలావరకు తీరింది. దుఃఖం, దాని కారణం, దాని అంతం, ఆ అంతానికి దారి గురించి చెప్పే నాలుగు ఆర్యసత్యాలు, ఆ దారే అయిన ఎనిమిది అంగాల అష్టాంగమార్గం అన్ని శాఖలకీ ఉన్నవే. మహాయానంలో (జెన్ కూడా ఇందులోదే) అందరి విముక్తి కోసం పాటుపడే బోధిసత్వుడు ఆదర్శం. టిబెట్‌లో ఎక్కువగా కనిపించే వజ్రయానంలో చాలా సాధనలకు గురువు దీక్ష కావాలి, నాకింకా గురువు లేరు కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. జెన్ వాళ్లతో ఒకసారి గోడవైపు తిరిగి కూర్చున్నాను, ఆ నిశ్శబ్దం భలే నచ్చింది. అయినా ప్రస్తుతానికి పాళీ గ్రంథాలను అనుసరించే థేరవాదమే. బుద్ధుడి బోధల సంకలనమైన ధమ్మపదంలోని 423 గాథల్లో (పద్యాల్లో) రోజుకు రెండు చదువుతున్నాను.

త్రిశరణాలు, అంటే బుద్ధుణ్ణి, ధర్మాన్ని, సంఘాన్ని శరణు కోరడం, ఇంకా తీసుకోలేదు. పది రోజుల మౌన శిబిరానికి వెళ్లొచ్చాక ఆలోచిస్తాను, సెలవు దొరికితే!