ఫ్రాంక్‌ఫర్ట్‌లో 9 గంటల హాల్ట్: ఊళ్ళోకి వెళ్ళి రావచ్చా?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి చికాగో వెళ్తున్నాం. ఆదివారం ఉదయం 8కి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతాం, సాయంత్రం 5కి మళ్ళీ విమానం. ఇద్దరివీ ఇండియా పాస్‌పోర్టులే, అమెరికా వీసా ఉంది. బయటికి పోనిస్తారా?

జవాబు 1: అమెరికా వీసాతో ట్రాన్సిట్‌లో కూర్చోవడానికే వీలుంది. ఎయిర్‌పోర్ట్ దాటి ఊళ్ళోకి రావాలంటే షెంగెన్ సి వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే తక్కువకాలపు వీసా) ఉండాల్సిందే. గ్రీన్‌కార్డు ఉన్నా ఇదే మాట. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

జవాబు 2: వీసా ఉంటే మాత్రం తప్పకుండా వెళ్ళండి. టెర్మినల్ 1 కింద ‘రెగియోనల్‌బాన్‌హోఫ్’ (దగ్గరి ఊళ్ళ రైళ్ళ స్టేషన్) బోర్డు చూసి దిగండి. ‘ఫెర్న్‌బాన్‌హోఫ్’ దూరప్రయాణపు రైళ్ళది, అటు పోవద్దు. ఎస్8 గానీ ఎస్9 గానీ లోకల్ రైలు ఎక్కితే పావుగంటలో సెంట్రల్ స్టేషన్. బోర్డు మీద వీస్‌బాడెన్ అని ఉంటే అది ఎదురు దిక్కు రైలు. టికెట్ మిషన్‌లో ఎక్కకముందే కొనాలి. డే టికెట్ తీసుకుంటే ఎయిర్‌పోర్ట్ కలిసినదే తీసుకోండి, ఊరి వరకే ఉన్నది ఇక్కడ చెల్లదు, జరిమానా పడుతుంది. అదే రైల్లో ఇంకాస్త ముందుకెళ్ళి హాప్ట్‌వాహె స్టేషన్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే రోమర్‌బెర్గ్: ముందు గోడల్లో కర్ర దూలాలు కనిపించే ఇళ్ళు, నడుమ రాళ్ళు పరిచిన చౌకు. అక్కడి నుంచి ఐజర్నర్ స్టెగ్ అనే ఇనుప నడకవంతెన మీదుగా మైన్ నది దాటండి. ఊరి అందమంతా ఆ వంతెన మీద నుంచే కనిపిస్తుంది. ఆదివారం దుకాణాలు మూసే ఉంటాయి, షాపింగ్ ఆశ పెట్టుకోకండి.

జవాబు 3: మధ్యాహ్నం 2 కల్లా ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. సెక్యూరిటీ, పాస్‌పోర్ట్ లైను మళ్ళీ మొదటి నుంచీ. ఉదయం జర్మనీలోకి వచ్చేటప్పుడు వేలిముద్రలు సరిచూస్తారు, ఫొటో తీసుకుంటారు, దానికీ టైమ్ పోతుంది. లెక్కేస్తే ఊళ్ళో మిగిలేది మూడున్నర గంటలు.