‘అబ్జ్యూర్’ అంటే లెంపలేసుకోవడమేనా?

— చెక్ మత సంస్కర్త యాన్ హుస్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నానండీ. 1415లో కాన్‌స్టాన్స్ ఊళ్లో కూడిన క్రైస్తవ మతపెద్దల మహాసభ ఆయన్ని ‘అబ్జ్యూర్’ చెయ్యమంది. ‘మాటలు వెనక్కి తీసుకోమన్నారు’ అని రాసేసి ముందుకెళ్లాను. తీరా చదివితే, ఇంత చిన్నదానికి ప్రాణం ఎందుకు పోగొట్టుకున్నాడో అర్థం కాకుండా తయారైంది. సరైన మాట చెప్పి పుణ్యం కట్టుకోండి.

— అక్కడా పేచీ వచ్చింది ఈ మాట మీదే. హుస్ ప్రాగ్‌లో 1402 నుంచి చెక్ భాషలో ప్రసంగాలు చేసినవాడు, 1412లో పాపపరిహార పత్రాల (పాపాలకి పడే శిక్ష తగ్గుతుందంటూ చర్చి ఇచ్చేవి) అమ్మకాన్ని ఎదిరించినవాడు. విచారణలో ఆయన పేరు మీద కొన్ని వాక్యాలు చదివి, వీటిని వదిలేస్తున్నానని ఒట్టెయ్యమన్నారు. ఇందులో కొన్ని నేను అననేలేదు మొర్రో అన్నాడు. అనకపోతే ఒట్టెయ్యడానికి అభ్యంతరమేంటి అన్నట్టు మాట్లాడాడు రాజు సిగిస్మండ్. (రక్షణ పత్రం ఇచ్చి రప్పించిన పెద్దమనిషి ఈయనే.) దానికి హుస్ నిఘంటువు మాట ఎత్తాడు! 1286లో పూర్తయిన ‘కాథొలికాన్’ అనే లాటిన్ నిఘంటువులో ‘అబ్జ్యూర్’ అంటే, అంతకుముందు నమ్మిన తప్పును వదులుకోవడం అని ఉందట. అంటే ఒట్టేస్తే నమ్మినట్టు ఒప్పుకున్నట్టే. అబద్ధపు ఒట్టు. ప్రాణం మీదికొచ్చినప్పుడు అర్థభేదం పట్టుకుని నిలబడ్డ మనిషిని ఇంకొకర్ని నేనెరగను.

అందుకే మీ ‘వెనక్కి తీసుకోవడం’ పనికిరాదు. అసెంబ్లీలో రోజూ తీసుకుంటారు, తప్పు చేశామని ఎవరూ అనుకోరు. నన్నడిగితే ‘లెంపలేసుకోవడం’ దగ్గరగా ఉంది. చిన్నప్పుడు మా తమ్ముడు నైవేద్యం కజ్జికాయ తినేస్తే, మా అమ్మమ్మ నన్ను దేవుడి గూటి ముందు నిలబెట్టి లెంపలేసుకోమంది. వేసుకుంటే తిన్నట్టే లెక్క. దెబ్బల భయానికి టపటపా వేసుకున్నాననుకోండి, నేను హుస్‌ని కాదుగా.

— బావుంది గానీ, సీరియస్ వ్యాసంలో లెంపలెలా వెయ్యను? పైగా లాటిన్ మాటలో ఒట్టు కూడా ఉంది.

— మొదటిసారి ‘నమ్మిన తప్పును ఒట్టేసి విడనాడడం’ అని విప్పి రాయండి, తర్వాత ‘విడనాడడం’ చాలు. ఇంకోటి, మీరు ‘మనసాక్షి’ అని రాస్తుంటే గనక దిద్దుకోండి, ‘మనస్సాక్షి’. మనస్ పక్కన సాక్షి చేరింది, ఒత్తు తియ్యకూడదు. లాటిన్‌లో ‘కాన్షియెంషియా’లో ఉన్నది ఎరుక మాత్రమే, సాక్షి లేడు. మన మాటలో ఉన్నాడు. హుస్ కథకి మనదే బాగా నప్పుతుంది. జులై 6న దయ్యాల బొమ్మలు గీసిన కాగితపు టోపీ పెట్టి ఊరి బయటికి తీసుకెళ్లారు. కట్టెలు పేర్చాక కూడా ఇంకోసారి అడిగారు, విడనాడతావా అని. తప్పుడు సాక్షులు అంటగట్టినవి నేనెన్నడూ బోధించలేదు, దానికి దేవుడే సాక్షి అన్నాడు. నిప్పు పెట్టారు. బూడిద రైన్ నదిలో కలిపారు.

— ‘విడనాడడం’ ఖాయం చేశాను. ‘మనసాక్షి’ మూడు చోట్ల ఉంది, దిద్దాను. ఇంతకీ కజ్జికాయ సంగతి మీ తమ్ముడు ఒప్పుకున్నాడా?

— ఎక్కడండీ! ఇప్పటికీ నేనే తిన్నానంటాడు. లెంపలేసుకున్నావుగా అంటాడు.