ఐదో లెవెల్‌లో ఫైటర్, రోగ్, విజార్డ్‌ల డ్యామేజ్‌ను ఏ కొలతతో పోల్చాలి?

ప్రశ్న: కత్తీకవచం

నమస్కారం. మేము డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రపోషణ ఆట ఐదో ఎడిషన్‌ను ఇప్పటికీ 2014 నాటి నియమాలతోనే ఆడుతున్నాము. డీఎం (ఆటను నడిపే వ్యక్తి) బాధ్యత నాది. పాత్రలు ఐదో లెవెల్‌కు చేరినప్పటి నుంచి ఫైటర్‌ను (యోధుణ్ని) ఆడుతున్న మిత్రుడు తన పాత్ర వెనకబడిపోయిందని అంటున్నాడు. విజార్డ్ (మాంత్రికుడు) ఒక్క ఫైర్‌బాల్ మంత్రం వేస్తే శత్రువుల్లో సగం మంది నేలకూలుతున్నారని, రోగ్ (చాటుగా దెబ్బతీసేవాడు) ఒకే ఒక్క పోటుతో తన రెండు దెబ్బలను మించిన అంకె చెబుతున్నాడని అతని ఫిర్యాదు.

పుస్తకం తెరిచి చూస్తే ఫైటర్ గ్రేట్‌స్వోర్డ్‌కు 2డీ6 (ఆరు ముఖాల పాచికలు రెండు), రోగ్ రేపియర్‌కు 1డీ8తో పాటు స్నీక్ అటాక్ (అదను చూసి కొట్టే అదనపు దెబ్బ) 3డీ6, ఫైర్‌బాల్‌కు 8డీ6 అని ఉన్నాయి. వీటిని పక్కపక్కన పెడితే అతని మాటే నిజమనిపిస్తోంది. కానీ దెబ్బ తగలకపోయే అవకాశాన్ని, స్లాట్లు (మంత్రాలు వేయడానికి ఉండే పరిమిత వంతులు) అయిపోవడాన్ని, శత్రువుల సంఖ్యను లెక్కలోకి తీసుకుంటే ఏమవుతుందో నాకు అంతుపట్టడం లేదు. మా కథలో ఒక రోజులో సాధారణంగా ఒకే పెద్ద పోరాటం ఉంటుంది. ఫైటర్‌కు ఒక మంత్రఖడ్గం ఇచ్చి సరిచేయాలా, లేక ఈ పోలికలోనే ఏదో లోపం ఉందా?

జవాబు: లెక్కలపద్దు

పాచికల అంకెలను నేరుగా పోల్చకూడదు. దెబ్బ తగిలే అవకాశంతో గుణించి, ఒక రౌండ్‌కు సగటున ఎంత పడుతుందో చూడాలి. ఐదో లెవెల్‌లో ముఖ్యమైన ఎబిలిటీ (బలం, చురుకుదనం వంటి సామర్థ్యాంకె) 18 ఉన్న పాత్రకు దాడి మీద +7 వస్తుంది. శత్రువు ఏసీ (దెబ్బ తగలాలంటే చేరవలసిన అంకె) 15 అనుకుంటే ఇరవై ముఖాల పాచిక మీద 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి, అంటే అవకాశం 65 శాతం. క్రిటికల్ (పాచిక మీద 20) పడే 5 శాతం అందులోనే ఉంది, అప్పుడు పాచికలు మాత్రమే రెట్టింపవుతాయి, ఎబిలిటీ బోనస్ రెట్టింపు కాదు.

ఫైటర్ గ్రేట్‌స్వోర్డ్ దెబ్బ తగిలితే సగటున 11. తప్పిపోయేవాటిని, క్రిటికల్స్‌ను కలిపి చూస్తే ఒక్కో దాడికి 7.5 వస్తుంది. ఐదో లెవెల్‌లో దాడులు రెండు కాబట్టి రౌండ్‌కు 15. రోగ్ పోటు తగిలితే 19 పడుతుంది, కానీ దాడి ఒక్కటే కాబట్టి సగటు 13.1 దగ్గర ఆగుతుంది. మీ మిత్రునికి ఆ 19 మాత్రమే గుర్తుంటోంది, రోగ్ ఊరికే పోయిన రౌండ్లు గుర్తుండడం లేదని నా అనుమానం.

అయితే రోగ్‌ను తక్కువగా చూడనక్కరలేదు. రెండు షార్ట్‌స్వోర్డ్‌లు పట్టుకుంటే, మొదటిది తప్పినా రెండోదానితో స్నీక్ అటాక్ తగిలించే వీలుంది కాబట్టి సగటు 17.4కు పెరుగుతుంది. ఇందుకు బోనస్ యాక్షన్ (వంతులో దొరికే అదనపు చిన్న చర్య) ఖర్చవుతుంది, ఆ రౌండ్‌లో కనింగ్ యాక్షన్‌తో తప్పుకొని పోవడం కుదరదు. 2020లో వచ్చిన అదనపు నియమాల్లోని స్టెడీ ఎయిమ్‌ను మీరు అనుమతిస్తే, కదలకుండా నిలబడి అడ్వాంటేజ్ (పాచికను రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకునే వీలు) తెచ్చుకున్న రోగ్ రేపియర్‌తోనే 18.1 దాకా వెళతాడు. మరో మాంత్రిక క్లాస్ అయిన వార్‌లాక్ ఎల్‌డ్రిచ్ బ్లాస్ట్ మంత్రాన్ని, దాని డ్యామేజ్ పెంచే అగొనైజింగ్ బ్లాస్ట్‌తో వేస్తే 12.9, అదనపు డ్యామేజ్ కలిపే హెక్స్ మంత్రం కూడా ఉంటే 17.8. ఒకే శత్రువు ఎదురుగా ఉన్నంతవరకు వీళ్లందరూ ఇంచుమించు ఒకే వరుసలో ఉన్నారు.

జవాబు: తెరవెనుకడీఎం

పై లెక్కలతో నాకు పేచీ లేదు, కానీ అసలు మలుపు మీ ప్రశ్న చివర్లో, రోజుకు ఒకే పోరాటం అన్న మాటలో ఉంది. విజార్డ్‌ను రౌండ్ లెక్కన కొలవడం కుదరదు, రోజు లెక్కన కొలవాలి.

ఫైర్‌బాల్ సగటు 28. మంత్రం డీసీ (తప్పించుకోవడానికి చేరవలసిన అంకె) 15, శత్రువుకు డెక్స్‌టెరిటీ సేవ్ (చురుకుతో తప్పించుకోవడానికి వేసే పాచిక) మీద +1 ఉందనుకుంటే, సేవ్ చేసినవారికి సగమే పడుతుంది కాబట్టి ఒక్కొక్కరి మీద సగటున 23.1 పడుతుంది. ముగ్గురు దొరికితే 69. ఐదో లెవెల్ విజార్డ్‌కు మూడో స్థాయి స్లాట్లు రెండే. ఆర్కేన్ రికవరీ అనే శక్తితో షార్ట్ రెస్ట్‌లో (చిన్న విశ్రాంతిలో) ఇంకొకటి తెచ్చుకోవచ్చు. అవి అయిపోతే స్లాట్ అక్కర్లేని ఫైర్ బోల్ట్ మంత్రం, దాని సగటు 7.7, అంటే ఫైటర్‌లో సగం.

2014 నాటి డీఎం గ్రంథం ఒక సాహస దినంలో ఆరు నుంచి ఎనిమిది దాకా మధ్యస్థ లేదా కఠినమైన పోరాటాలను, వాటి మధ్య సుమారు రెండు షార్ట్ రెస్ట్‌లను ఊహించుకుంటుంది. ఆరు పోరాటాలు, ఒక్కోటి మూడు రౌండ్లు అనుకుందాం. ఫైటర్‌కు 18 రౌండ్లకు 270, మూడుసార్లు యాక్షన్ సర్జ్ (వంతులో ఇంకోసారి దాడి చేసే వీలు, షార్ట్ రెస్ట్‌తో తిరిగి వస్తుంది) వాడినందుకు మరో 45, మొత్తం 315 వస్తుంది. విజార్డ్‌కు ముగ్గురేసి శత్రువుల మీద మూడు ఫైర్‌బాల్‌లకు 208, మిగిలిన పదిహేను రౌండ్లు ఫైర్ బోల్ట్‌తో 115 చిల్లర, మొత్తం 323 వస్తుంది. కింది స్థాయి స్లాట్లు షీల్డ్, మిస్టీ స్టెప్ వంటి మంత్రాలకు పోతాయని వాటిని వదిలేశాను. రెండు కత్తుల రోగ్ 313. ఇంత దగ్గరగా రావడం నేను ఎంచుకున్న సంఖ్యల వల్ల కూడా కొంత కావచ్చు, కానీ నియమాలు రాసినవారి లెక్క ఈ దరిదాపుల్లోనే ఉందని చెప్పవచ్చు.

ఇప్పుడు మీ పద్ధతిలో రోజుకు ఒకే పోరాటాన్ని, నాలుగు రౌండ్లుగా చూడండి. ఫైటర్ యాక్షన్ సర్జ్‌తో కలిపి 75. విజార్డ్ రెండు ఫైర్‌బాల్‌లతో, రెండు ఫైర్ బోల్ట్‌లతో 154. అదే పోరాటంలో శత్రువు ఒక్కడే అయితే విజార్డ్ 62 దగ్గర ఆగిపోతాడు, అప్పుడు ఫైటరే ముందుంటాడు. కనుక మీ మిత్రుని ఫిర్యాదు నిజమే, కానీ అందులో అతని క్లాస్ దోషం కొంచెమే.

జవాబు: గోబ్లిన్‌పక్షం

చిన్న విషయమొకటి చేరుస్తాను. శత్రువు దగ్గర ఉన్న హిట్ పాయింట్లకు (ప్రాణశక్తి అంకెకు) మించి పడిన డ్యామేజ్ వృథా. పాత మాన్‌స్టర్ మాన్యువల్‌లో గోబ్లిన్‌కు ఉన్నవి ఏడు. దాని మీద రోగ్ 19 వేసినా చచ్చేది ఒక్క గోబ్లినే. ఫైటర్ దెబ్బ తగిలితే కనీసం 6, దాదాపు ఎప్పుడూ 7కు పైనే. అందువల్ల ఇద్దరి మీదకు చెరొక దాడి పంచి, రౌండ్‌కు సగటున ఒకటింపావు గోబ్లిన్‌ను కూల్చగలడు. అదే 59 హిట్ పాయింట్ల ఓగర్ ఎదురైతే ఈ తేడా కనిపించదు. పట్టికల్లో సగటులే తప్ప ఈ వృథా ఎవరూ చూపించరు.

కత్తీకవచం

అందరికీ కృతజ్ఞతలు. అయితే గ్రేట్ వెపన్ మాస్టర్ అనే ఫీట్ (ఎబిలిటీ పెంచుకోవడానికి బదులు ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) తీసుకుంటే దాడి మీద 5 తగ్గించుకుని డ్యామేజ్ మీద 10 పెంచుకోవచ్చు కదా, అది తీసుకుంటే ఈ సమస్య తీరుతుందని అతను అంటున్నాడు. అదీ మంత్రఖడ్గమూ, ఈ రెండింటిలో ఏది మేలు?

జవాబు: లెక్కలపద్దు

నాలుగో లెవెల్‌లో ఆ ఫీట్ తీసుకుంటే బలం 16 దగ్గరే ఉండిపోతుంది. అప్పుడు ఏసీ 15 మీద 5 తగ్గించుకుని కొడితే రౌండ్‌కు 14.7, అంటే ఫీట్ లేకుండా బలం 18తో వచ్చే 15 కంటే కాస్త తక్కువే. ఏసీ 12 శత్రువు మీద మాత్రం 18.3కు బదులు 20.7 వస్తుంది. ఏసీ 15 మీద అడ్వాంటేజ్ దొరికితే 20.7కు బదులు 24.5 వస్తుంది. కాబట్టి ఆ ఫీట్ విలువ అతని మీద కంటే, శత్రువును పడగొట్టి అతనికి అడ్వాంటేజ్ అందించే సహచరుల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. 2024 నియమాలకు మారాలన్న ఆలోచన ఉంటే ఒక మాట: అక్కడ ఈ మైనస్ 5, ప్లస్ 10 బేరం లేదు, దాని స్థానంలో ప్రొఫిషియెన్సీ బోనస్ (లెవెల్‌తో పెరిగే నైపుణ్య బోనస్) అంత డ్యామేజ్ కలుస్తుంది.

+1 ఖడ్గం ఇస్తే రౌండ్‌కు 17.5 అవుతుంది. కానీ పైన చెప్పిన ఒకే పోరాటంలో అది 75ను 87.5 చేస్తుంది, అవతల విజార్డ్‌కు 154 ఉంది. ఖడ్గంతో ఆ దూరం తరగదు.

జవాబు: తెరవెనుకడీఎం

ఖడ్గం ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, ఫైటర్ ఆడేవారికి దానివల్ల కలిగే సంతోషం లెక్కల్లో రాదు. కానీ సమస్య తీరాలంటే రోజును మార్చాలి. కథలో రోజుకు ఆరు పోరాటాలు ఇరికించడం కృత్రిమంగా అనిపిస్తే, అదే డీఎం గ్రంథంలో గ్రిట్టీ రియలిజం అనే ఐచ్ఛిక నియమం ఉంది. అందులో షార్ట్ రెస్ట్‌కు 8 గంటలు, లాంగ్ రెస్ట్‌కు (స్లాట్లన్నీ తిరిగి వచ్చే పూర్తి విశ్రాంతికి) 7 రోజులు పడతాయి. అప్పుడు వారం పొడవునా జరిగే ఐదారు పోరాటాలు ఒకే సాహస దినం కిందికి వస్తాయి, విజార్డ్ ప్రతి ఫైర్‌బాల్‌కూ ముందు ఆలోచించవలసి వస్తుంది. మేజ్ ఆర్మర్ వంటి మంత్రాల గడువు 8 గంటలే ఉండిపోతుంది కాబట్టి అవి బాగా ఖరీదవుతాయి. అందుకని ఈ మార్పును ఆట మధ్యలో హఠాత్తుగా తీసుకురాకుండా, ముందుగానే విజార్డ్ ఆడేవారితో మాట్లాడి, కావాలంటే సిద్ధం చేసుకున్న మంత్రాలను మార్చుకునే వీలు ఇవ్వండి. అంత మార్పు వద్దనుకుంటే, శత్రువులను ఒకేసారి గుంపుగా నిలబెట్టకుండా రెండు మూడు విడతలుగా, వేర్వేరు ద్వారాల నుంచి పంపండి. ఫైర్‌బాల్ 20 అడుగుల వ్యాసార్ధంలో ముగ్గురికి బదులు ఒక్కరో ఇద్దరో పడినప్పుడు, ఆ రౌండ్‌లో ఫైటర్ చెప్పే అంకె చిన్నదిగా కనిపించదు.