బాండికూట్ మన పందికొక్కేనా?

మా అబ్బాయి ‘క్రాష్ బాండికూట్’ అనే వీడియో గేము ఆడుతుంటాడు. ఆ పేరు మన పందికొక్కు నుంచి పోయిందేనని ఒకాయన అంటే నవ్వేశాను. నిజమేనా అండీ?

— నిజమేనండీ. ‘ప్రపంచ భాషలన్నీ మన దగ్గర్నుంచే పుట్టాయి’ అనే వాట్సాప్ బాపతు కాదిది, ఇంగ్లీషు నిఘంటువులే ఒప్పుకున్న మాట. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ అనే ఆంగ్లో-ఇండియన్ మాటల నిఘంటువులోనూ ఇది తెలుగు మాటేనని ఉంది. పందిలా గుర్రుమంటుంది, నేలంతా తవ్విపోస్తుంది కాబట్టి మనవాళ్ల పేరు అతికినట్టు సరిపోయింది. దొరల నోట్లో ‘ప’ కాస్తా ‘బ’ అయింది. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే ఈ ఎలుకల ప్రజాతికి ‘బాండికోటా’ అని పేరు పెట్టడంతో మన కొక్కు లాటిన్ వేషం కూడా కట్టింది.

కానీ మీవాడి గేములోది మన గాదె కింద దూరే శాల్తీ కాదు. అది ఆస్ట్రేలియా జంతువు, అసలు ఎలుకే కాదు. కంగారూలా పొట్టకు సంచి ఉంటుంది. ఆ సంచి నోరు వెనక్కి తెరుచుకుంటుంది, తల్లి మట్టి తవ్వేటప్పుడు పిల్లల మీద పడకుండా! పోలిక చూసి తెల్లవాళ్లు దానికి మన ఎలుక పేరు తగిలించారు, అంతే.

నాకు నచ్చిన ముచ్చట వేరే ఉంది. ఆస్ట్రేలియా వాడుకలో ఇది క్రియ కూడా. బంగాళాదుంప మొక్కను కదలనివ్వకుండా, పక్కనుంచి మట్టిలో చెయ్యి పెట్టి దుంపలు కాజేయడాన్ని బాండికూట్ చేయడం అంటారు. పైన ఆకు పచ్చగానే ఉంటుంది, రైతుకు తవ్వకాల రోజు దాకా అనుమానం రాదు. మనం నిధులు ‘పందికొక్కుల్లా మేశారు’ అని తిట్టేటప్పుడు తిండి మీదే దృష్టి. వాళ్లు దొంగతనంలోని పనితనాన్ని పట్టుకున్నారు.

— మా నెల్లూరు వైపు కోతలయ్యాక యానాదులు గట్ల మీద బొరియలు తవ్వి, కొక్కులు దాచుకున్న వడ్లు బయటికి తీసేవాళ్లండీ. దొంగ సొత్తును మళ్లీ బాండికూట్ చేసినట్టేగా!

— భలే పట్టారు. 

— ఇంతకీ ఈ మాట తమిళం నుంచి పోయి ఉండకూడదా?

— తమిళంలో పందికొక్కును పెరుచ్చాళి అంటారండీ, మలయాళంలోనూ అంతే. అయినా కేరళలో మ్యాన్‌హోళ్లు శుభ్రం చేయడానికి తయారుచేసిన రోబోకు పెట్టిన పేరు మాత్రం బాండికూట్!