బాపు రైఫిల్ ఏం చేయాలి?

ప్రశ్న – గోవిందరావుపేట వాడు (ఇప్పుడు హన్మకొండ)

బాపు పోయి నలభై రోజులైంది. ఊళ్లో బీరువా వెనక, పాత ధోవతిలో చుట్టి ఆయన .315 రైఫిల్ ఉంది. ఇషాపూర్ ఫ్యాక్టరీది. అడవి పందులు మక్క చేను ఆగం చేస్తున్నాయని తాత తీసుకున్నది, తర్వాత బాపు పేరు మీదికి వచ్చింది. నాకు తెలిసి బాపు రెండుసార్లే పేల్చాడు, రెండూ గాల్లోకే. దళాలు తిరిగిన రోజుల్లో పట్టుకుపోతారని ఏళ్ల తరబడి ఠాణాలోనే పెట్టాడు. ఎలక్షన్లు వస్తే మళ్లీ ఠాణా. ఇంట్లో ఉంటే మాత్రం దసరా పొద్దున బోల్ట్ (తూటా ఎక్కించే కడ్డీ) తీసి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కట్టె మీద కుంకుమ బొట్టు పెట్టేవాడు. ఆ ఎరుపు ఇప్పటికీ స్క్రూ గాడిలో ఉంది.

అన్నేమో "ఇంటి గుర్తు, ఉండనీ" అంటాడు. అమ్మకు అది ఇంట్లో ఉంటే నిద్ర పట్టట్లేదు. కరీంనగర్‌లో ఉన్న చెల్లె "సంతకం కావాలంటే చెప్పండి" అని ఊరుకుంది. లైసెన్స్ పుస్తకంలో వరంగల్ జిల్లా అని ఉంది, మా ఊరు 2019 నుంచి ములుగు జిల్లా. ఎవరి దగ్గరికి పోవాలి? తొమ్మిది తూటాలు కూడా ఉన్నాయి.

జవాబు – రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్

తమ్ముడూ, నలభై రోజులు ఎందుకు ఆగావు? లైసెన్స్ మీ బాపుది, ఇంటిది కాదు. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గర్లోని ఠాణాలో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ అప్పజెప్పాలి. జిల్లా లెక్కలు తర్వాత. సంచిలో వేసుకుని బస్సెక్కకు. ముందు ఫోన్ చేసి చెప్పు. బోల్ట్ కదపకు. నంబరు, తూటాల లెక్క రాయించుకుని రసీదు తీసుకో.

జవాబు – నర్సంపేట

అప్పజెప్పినంత మాత్రాన పోయినట్టు కాదన్నా. వారసుడిగా మీ అన్న తన పేరు మీద లైసెన్స్‌కు పెట్టుకోవచ్చు, మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఆయన ఉండేచోటి అధికారి దగ్గరే దరఖాస్తు: హన్మకొండ అయితే పోలీస్ కమిషనర్, ములుగు అయితే కలెక్టర్. ఎంక్వయిరీ ఉంటుంది, ఆయుధం వాడే ట్రైనింగ్ సర్టిఫికెట్ అడుగుతారు. మా నాన్న డబుల్ బ్యారెల్ కోసం నేను తిరిగాను, ఒక్క ఫైలుకే చెప్పులరిగాయి. ఐదేళ్లకోసారి రెన్యువల్ కూడా. వద్దనుకుంటే లైసెన్స్ ఉన్నవాళ్లకు అమ్మేయొచ్చు. కానీ చట్టం పెట్టిన గడువు దాటేదాకా ఎవరూ పట్టించుకోకపోతే సర్కారుకు పోతుంది.

జవాబు – పరకాల పిలగాడు

గొట్టంలో సీసం పోసి గోడకు తగిలించెయ్ అన్నా, అయిపోతది.

జవాబు – రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్

అట్ల చేస్తే ఇంకో కేసు. తుపాకీకి మార్పులు చేయాలన్నా లైసెన్స్ ఉన్నవాళ్లే చేయాలి.

గోవిందరావుపేట వాడు

ఈరోజు ఇచ్చొచ్చాం. అన్న ఫొటో తీసుకున్నాడు, లైసెన్స్ మాట ఎత్తలేదు. ఎవరికైనా అమ్ముదామని నేనే చెల్లెకు ఫోన్ చేశా, సరే అంది. రైఫిల్ బరువు దిగింది గానీ చిన్న టెన్షన్ మిగిలింది: రసీదులో తూటాలు ఎనిమిదే. సాయంత్రం అమ్మ ధోవతి దులిపితే తొమ్మిదోది గచ్చు మీద టంగుమని పడింది. పొద్దున్నే మళ్లీ ఠాణాకు పోవాలి.