ఎదురొచ్చి కొట్టే క్లింగాన్లు, వెనక నుంచి పొడిచే శత్రువులు: ఆ గౌరవం వల్ల ఒరిగిందేమిటి?

అర్ధరాత్రి ఎపిసోడ్ అడిగిన ప్రశ్న:

స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష కథల్లోని డీప్ స్పేస్ నైన్ టీవీ సిరీస్ మళ్ళీ మొదటి నుంచి చూస్తున్నా. ఐదో సీజన్‌లోకి వచ్చేసరికి పాత డౌట్ మళ్ళీ లేచి కూర్చుంది. అందులోని యోధజాతి క్లింగాన్లు నోరు తెరిస్తే గౌరవం అంటారు. బాట్‌లెత్ అనే వంపు కత్తి పట్టుకుని ముఖాముఖి నిలబడి చావడం కంటే గొప్ప విషయం వాళ్ళకి లేదు. బాగుంది. కానీ వాళ్ళకి తగిలిన శత్రువులు ఎవరు? దొంగచాటుగా వచ్చి, డబ్బూ ఆయుధాలూ పంచి, ఇంట్లోనే చిచ్చుపెట్టే రోములన్లు. ఏ రూపం కావాలంటే ఆ రూపంలోకి మారిపోయే ఫౌండర్లు. క్లింగాన్ జనరల్ మార్టోక్ స్థానంలో ఒక ఫౌండర్ కూర్చుని మొత్తం సామ్రాజ్యాన్ని కార్డాసియా అనే ఇంకో రాజ్యం మీద యుద్ధానికి తోలితే ఒక్కడికీ అనుమానం రాలేదు!

నా ప్రశ్న ఇదే. అవతలివాడికి ఏ నియమమూ లేనప్పుడు ఈ గౌరవం బలమా, బలహీనతా? కథ రాసేవాళ్ళు చెయ్యి అడ్డుపెట్టి కాపాడకపోతే క్లింగాన్లు ఎప్పుడో తుడిచిపెట్టుకుపోవాలి కదా? ఇంకోటి, వీళ్ళే ఓడల్ని కనబడకుండా దాచుకుని శత్రువు మీద పడతారు. అదేం గౌరవం? స్పాయిలర్ల టెన్షన్ లేదు, అన్నీ చూసినవే.

పాత సిరీస్ బాబాయ్:

నువ్వు వెనక్కి వెళ్ళి 1960ల నాటి ఎపిసోడ్లు చూడు. క్లింగాన్లు మొట్టమొదట కనబడింది 1967లో. అందులో కోర్ అనే కమాండర్ ఒక గ్రహాన్ని ఆక్రమించి, ఆయుధం పట్టని మనుషుల్లో రెండొందల మందిని చంపమని ఆర్డర్ వేస్తాడు. అప్పటికి గౌరవమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. అంతకు ముందు ఏడాదే వచ్చిన రోములన్ కమాండర్ ఎంత హుందాగా ఉంటాడో గుర్తుందా? ఓడిపోయాక కూడా హీరో కెప్టెన్ కర్క్‌తో తోటి సైనికుడిలా మాట్లాడి మరీ చస్తాడు. అంటే మొదట్లో పరువున్న శత్రువు రోములన్, జిత్తులమారి క్లింగాన్. తర్వాత పాత్రలు అటూ ఇటూ మారాయి.

కాబట్టి నా లెక్కలో ఆ గౌరవం గెలిచినవాడు తనకు తాను రాసుకునే సర్టిఫికెట్. గెలిస్తే ఓడ దాచుకున్నా గౌరవమే. ఓడితే అవతలివాడు మోసగాడు. దాన్ని సీరియస్‌గా తీసుకుని బుర్ర పాడుచేసుకోకు.

వాయిదాల వకీలు:

బాబాయ్ చెప్పిన 1967 సంగతి నిజమే, కాదనను. కానీ ఆ తర్వాత ఇరవై ముప్ఫై ఏళ్ళలో రచయితలు ఆ గౌరవానికి ఒక లోపలి తర్కం కట్టారు. అది తీసిపారేయాల్సింది కాదు. కోర్టుల చుట్టూ తిరిగే వృత్తి కాబట్టి నా కన్నెప్పుడూ సాక్షి మీదే ఉంటుంది. క్లింగాన్ గౌరవాన్ని ఆ కంటితో చూస్తే చాలా చిక్కులు విడిపోతాయి.

ముందు ఓడ దాచుకునే సంగతి. ఏ ఆయుధం వాడావు, ఎటువైపు నుంచి వచ్చావు అనేది వాళ్ళకి ముఖ్యం కాదు. చేసిన పని నీ పేరు మీద ఉందా లేదా, అదీ ముఖ్యం. దాక్కుని వచ్చిన ఓడ మామూలుగా కాల్చే ముందు బయటపడాల్సిందే. ఎవరు కొట్టారో చచ్చేవాడికి తెలుస్తుంది. 1991 స్టార్ ట్రెక్ సినిమాలో క్లింగాన్ జనరల్ చాంగ్ ఓడ దాక్కునే కాల్చగలదు, ఆ కాల్పుల్ని కర్క్ ఓడ ఎంటర్‌ప్రైజ్ మీదికి నెడతాడు. తమ అధినేత, చాన్సలర్ గోర్కన్‌నే చంపించి, నేరానికి ఇంకొకరి పేరు తగిలిస్తాడు. తప్పు అక్కడుంది, దాక్కోవడంలో కాదు.

కెంపెక్ సంగతి కూడా ఇంతే. సామ్రాజ్యానికి పెద్ద, అతనికి ఎవరో కొద్దికొద్దిగా విషం పెడుతూ వచ్చారు. చావు ఖాయమని తెలిశాక ఆ ముసలాయన ఏం చేశాడు? ఒక్క క్లింగాన్‌నీ నమ్మలేక, బయటివాడైన పికార్డ్‌ని (తర్వాతి తరం ఎంటర్‌ప్రైజ్ కెప్టెన్) పిలిచి తన వారసుణ్ణి తేల్చే మధ్యవర్తిగా కూర్చోబెట్టాడు, విషం పెట్టిందెవరో కనుక్కోమన్నాడు. అతన్ని ఎవడైనా నలుగురి ముందు సవాలు చేసి చంపి ఉంటే అది రాజ్యాంగబద్ధమే! ముఖం చూపించని చావు ఒక్కటే అతనికి మింగుడుపడలేదు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. నియమం లేని శత్రువు క్లింగాన్లని ఎక్కడ దెబ్బకొట్టాడో చూడు. యుద్ధభూమిలో కాదు. కథలో 2346లో కిటోమర్ అనే క్లింగాన్ స్థావరం మీద రోములన్లు పడి నాలుగు వేలమందిని చంపారు. ఘోరమే, కానీ సామ్రాజ్యం దానికి తట్టుకుంది. తట్టుకోలేకపోయింది ఆ తర్వాత జరిగిన దాన్ని. రక్షణ కోడ్లు రోములన్లకి అమ్మింది జారోడ్ అనే క్లింగాన్. అతని కొడుకు డ్యూరాస్‌ది పెద్ద కుటుంబం, పెద్ద బలగం. నిజం చెబితే అంతర్యుద్ధం వస్తుందని క్లింగాన్ల పాలకమండలి హై కౌన్సిల్ నేరాన్ని చచ్చిపోయిన మోగ్ నెత్తిన వేసింది. మోగ్ కొడుకు వోర్ఫ్ ఫెడరేషన్ (మనుషులు కూడా ఉన్న గ్రహాల కూటమి) నౌకాదళం స్టార్‌ఫ్లీట్‌లో ఉన్నాడు కదా, వచ్చి అడిగేదేముందిలే అని ధీమా. 1990లో వచ్చిన ఆ ఎపిసోడ్ చివర కౌన్సిల్ హాలు సీను నేను ఎన్నిసార్లు చూసినా తేలిగ్గా చూడలేను. సభ్యులు ఒక్కొక్కరే ముంజేతులు అడ్డంగా పెట్టి వోర్ఫ్‌కి వీపు తిప్పుతారు, అంటే వెలివేసినట్టు. కెంపెక్‌కి నిజం తెలుసు. డ్యూరాస్‌కి తెలుసు. వోర్ఫ్ తమ్ముడు కర్న్ కూడా అక్కడే ఉన్నాడు, అతని కాళ్ళు కదలవు. తమ్ముడి ప్రాణం నిలవాలంటే అతను కూడా తిరగాల్సిందే, తిరగమని వోర్ఫే బలవంతపెడతాడు. అబద్ధమని తెలిసిన సాక్షులు దాన్నే తీర్పుగా వినిపించి తలుపులు మూసుకున్నారు.

అక్కడ రోములన్ ఒక్కడూ లేడు గమనించావా? కిటోమర్‌లో వాళ్ళు వేసిన గాయం కంటే దాన్ని దాచడానికి కౌన్సిల్ చేసిన పనే పెద్ద నష్టం. ఆ అబద్ధం డ్యూరాస్ కుటుంబాన్ని బతికించింది. అదే కుటుంబం చేతికి 1991 ఎపిసోడ్ల అంతర్యుద్ధంలో రోములన్లు ఆయుధాలు పంపారు. చివరికి వాళ్ళ సరఫరా ఓడల్ని బయటపెట్టడానికి పికార్డ్ ఇరవై మూడు ఓడలతో సరిహద్దులో, దాక్కున్న ఓడల్ని పసిగట్టే టాకియాన్ వల పరవాల్సి వచ్చింది. తమాషా ఏంటంటే అక్కడ జరిగిందీ సాక్ష్యమే. ఒక్క రోములన్ ఓడనీ పేల్చలేదు. దాక్కున్నవాడు కనబడేలా చేశారు, అంతే, వాళ్ళు వెనక్కి తిరిగిపోయారు, డ్యూరాస్ పక్షం కూలింది.

మార్టోక్ రూపంలోని ఫౌండర్‌ని ఎవరూ పట్టుకోలేదన్నావు. చివరికి పట్టించిందేంటో ఐదో సీజన్ మొదటి ఎపిసోడ్లోనే ఉంది, ఇంకోసారి చూడు. అందరి అనుమానం చాన్సలర్ గౌరాన్ మీద. కానీ వోర్ఫ్ ఎదురొస్తే గౌరాన్ తన మనుషుల్ని ఆపి తానే ద్వంద్వయుద్ధానికి దిగుతాడు. మార్టోక్‌కి మాత్రం ఆ పోరు ఎలా సాగుతుందన్నది పట్టదు, గౌరాన్ చస్తే చాలు. వోర్ఫ్‌తో వచ్చిన ఓడోకి అక్కడే వెలుగుతుంది. రూపం, గొంతు, జ్ఞాపకాలు అన్నీ కాపీ కొట్టగలిగినవాడు ఆ గౌరవం ఒక్కటి కాపీ కొట్టలేకపోయాడు.

బ్లడ్‌వైన్:

వకీలు గారూ, చివరి పేరా సూపర్. కానీ మిగతాది నాకు పూర్తిగా ఎక్కలేదు. పరువు పోతుందనే భయమే కదా కౌన్సిల్ చేత ఆ అబద్ధం ఆడించింది? గౌరవాన్ని అంతగా నెత్తికెత్తుకోని జాతైతే "అవును, మావాడే అమ్ముడుపోయాడు" అని ఒప్పుకుని ముందుకెళ్ళేది. అంటే శత్రువుకి ఆ సందు ఇచ్చిందీ గౌరవమే.

ఇంకో మాట. ఫౌండర్ల సైనికులైన జెమ్‌హదార్ నడిపే ఖైదీల శిబిరం, 1997లో వచ్చిన ఎపిసోడ్. వోర్ఫ్ ఒకరి తర్వాత ఒకరుగా జెమ్‌హదార్‌తో తలపడతాడు, ఎముకలు విరుగుతున్నా లేస్తాడు. అక్కడే బందీగా ఉన్న అసలు మార్టోక్ అంతటివాడు, అదే బరిలో కన్ను పోగొట్టుకున్నవాడు, ఇక లేవకు, నీ గౌరవానికి ఏ లోటూ రాలేదు అని చెప్తాడు. అయినా లేస్తాడు. ఎదుట ఉన్న జెమ్‌హదార్ ఇకటికా, వీణ్ణి ఓడించడం నావల్ల కాదు, చంపడం మాత్రమే వల్లవుతుంది, దాని మీద నాకు ఆసక్తి లేదని చేతులు దించేస్తాడు. ఒళ్ళు గగుర్పొడిచే సీనే. కానీ వాళ్ళని ఆ శిబిరం నుంచి బయటపడేసింది ఎవరు? గోడలో ఊపిరాడని ఇరుకు సందులో, చీకట్లో చెమటలు కక్కుతూ ట్రాన్స్‌మిటర్‌తో కుస్తీ పట్టిన గారక్! వృత్తి రీత్యా గూఢచారి, అబద్ధాలకి పెట్టింది పేరు. వోర్ఫ్ పోరాటం ప్రేక్షకుల చప్పట్లకి, గారక్ పని ప్రాణాలకి.

వాయిదాల వకీలు:

బ్లడ్‌వైన్, గారక్ గురించి నువ్వన్నది ఒప్పుకుంటా. అయితే వోర్ఫ్ బరిలో నిలబడినంతసేపూ కాపలావాళ్ళ కళ్ళు అటే ఉన్నాయి. ఇద్దరిలో ఎవరు లేకపోయినా పని జరగదు. పైగా ఇకటికా లొంగిపోవడం మామూలు విషయమా? పుట్టించినప్పటి నుంచి విధేయతే ఊపిరిగా పెంచిన సైనికుడు. వోర్ఫ్‌ని చంపకుండా ఓటమి ఒప్పుకున్నాడు, శిబిరం పెద్ద అయిన వోర్టా (ఫౌండర్ల తరఫున పెత్తనం చేసే జాతివాడు) ఆర్డర్‌తో అక్కడికక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు. వోర్టాని ఒప్పించడం ఏ గౌరవం వల్లా కాదు. సైనికుణ్ణి మాత్రం అది కదిలించింది. శత్రుపక్షమంతా ఒకే ముద్ద కాదు.

పరువు భయం సంగతి మాత్రం గట్టి పాయింటే. నీకు దానికి జవాబు వోర్ఫ్ తోటి స్టార్‌ఫ్లీట్ ఆఫీసర్ ఎజ్రీ డాక్స్ నోటి నుంచి వస్తుంది, 1999లో, ఏడో సీజన్ చివర్లో. మీ సామ్రాజ్యం చచ్చిపోతోంది, చావాల్సిందేనేమో అని వోర్ఫ్ ముఖం మీదే అంటుంది. వోర్ఫ్ అంతటి నిష్ఠాపరుడు కూడా అవినీతి నాయకుల్ని చూస్తూ ఊరుకున్నాడు కదా, ఇక మిగతావాళ్ళ సంగతేంటి అని నిలదీస్తుంది. అప్పటికి గౌరాన్ ఏం చేస్తున్నాడు? మార్టోక్ పేరు పెరిగిపోతోందన్న అసూయతో సేనల్ని తన చేతిలోకి తీసుకుని, మార్టోక్ పరువు తీయడానికే గెలవలేని పోరాటాల్లోకి ఓడల్ని పంపిస్తున్నాడు. ఇందులో శత్రువు మోసం చిన్నమెత్తు లేదు. మార్టోక్‌ని సవాలు చేయమంటే, యుద్ధం మధ్యలో చాన్సలర్ మీద చెయ్యెత్తనంటాడు. చివరికి వోర్ఫే అందరి ముందు తప్పు ఎత్తి చూపి, తలపడి, గౌరాన్‌ని చంపి, చాన్సలర్ అంగీని మార్టోక్ భుజాల మీద కప్పాడు. కౌన్సిల్ హాల్లో వీపులు తిప్పించుకున్న మనిషి చేసిన పని అది! నియమం రోగాన్ని పెంచిందంటే సరే, మందు కూడా అందులోనే ఉంది. తొమ్మిదేళ్ళు ఎవడూ సీసా మూత తీయలేదు.

బాబాయ్ మాటకొకటి కలుపుతా. 2003లో ఎంటర్‌ప్రైజ్ సిరీస్‌లో కోలోస్ అనే ముసలి క్లింగాన్ లాయరు వస్తాడు. (మార్టోక్ వేసిన నటుడే, జె.జి. హెర్జ్‌లర్.) నాన్న టీచరు, అమ్మ బయాలజిస్టు, అప్పట్లో గౌరవమంటే కత్తి ఒక్కటే కాదు, తర్వాత యోధుల వర్గం అంతా ఆక్రమించేసిందని వాపోతాడు. నిండు కోర్టులో అది చెప్పినందుకు కెప్టెన్ ఆర్చర్‌తో పాటు అతనూ రూరా పెంథే గనులకి వెళ్తాడు. మా వృత్తివాడు కాబట్టి కొంచెం పక్షపాతం ఉందనుకోండి.

అర్ధరాత్రి ఎపిసోడ్:

కోలోస్ ఎపిసోడ్ నేను అస్సలు చూడలేదు, ఇవాళ రాత్రికి అదే. కానీ వకీలు గారూ, బయటివాళ్ళ నిజాయితీ క్లింగాన్లని ఎప్పుడైనా మార్చిందా, లేక అందరూ మోసగాళ్ళేనా?

వాయిదాల వకీలు:

ఒక్కసారి బ్రహ్మాండంగా. 2344లో నరేంద్ర-3 అనే క్లింగాన్ స్థావరం మీద రోములన్లు పడితే, ఎంటర్‌ప్రైజ్-సి అనే ఫెడరేషన్ ఓడ గెలవలేమని తెలిసీ కాపాడటానికి నిలబడి నాశనమైంది. కాలంలో ముందుకు జారిపోయిన ఆ ఓడ వెనక్కి వెళ్ళి చావకపోతే ఫెడరేషన్‌కీ క్లింగాన్లకీ మధ్య యుద్ధం ఎలా సాగేదో ఒక ఎపిసోడ్ మొత్తం చూపిస్తుంది.

పాత సిరీస్ బాబాయ్:

బాగానే వాదించావు వకీలూ. కానీ తోరల్‌ని దాటేశావు. డ్యూరాస్ కొడుకు, అంతర్యుద్ధం అయ్యాక గౌరాన్ వాణ్ణి వోర్ఫ్ కాళ్ళ దగ్గర పడేసి చంపుకోమన్నాడు. వోర్ఫ్ వదిలేశాడు. 1995లో అదే తోరల్ మనుషుల్ని వెంటేసుకొచ్చి, క్లింగాన్ల పురాణ వీరుడు కాహ్లెస్ కత్తి కోసం వోర్ఫ్‌నీ కోర్‌నీ గుహల్లో తరిమాడు. దీన్నేమంటావు?

వాయిదాల వకీలు:

తండ్రి నేరానికి కొడుకుని శిక్షించనన్నాడు బాబాయ్. కౌన్సిల్ తనకు చేసింది సరిగ్గా అదే కదా. తోరల్ మళ్ళీ కత్తి పట్టుకొస్తాడని ముందే తెలిసినా వదిలేసేవాడనే నేననుకుంటున్నా. నువ్వు ఒప్పుకోవని తెలుసు.