పాత రాతి చర్చి: సాఫ్ట్‌వేర్ సేఫ్ అంటోంది, ముందు గోడను నమ్మవచ్చా?

ప్రశ్న:
రాయి, సున్నంతో కట్టిన చర్చి. ముందు గోడ ఎత్తు 9 మీటర్లు, వెడల్పు 10, మందం 0.9. చెక్క కప్పు. నేల ప్రభావం కలుపుకొని 0.25 జి భూకంప త్వరణం (జి అంటే గురుత్వ త్వరణం) ఇచ్చి, భవనమంతా ఒకే 3డి మోడల్‌గా చేస్తే ఒత్తిళ్లు పరిమితిలోనే ఉన్నాయి. కానీ ముందు గోడ పక్క గోడలను కలిసేచోట నిలువు పగులు ఉంది. లెక్క ఎక్కడ తప్పుతోంది?

జవాబు 1:
ఆ పగులు దగ్గరేనండీ. మోడల్‌లో గోడలు అతుక్కునే ఉన్నాయి, కట్టడంలో విడిపోయాయి. పైగా చర్చిలో మధ్య అంతస్తులు ఉండవు, అడ్డగోడలు తక్కువ. అది పెట్టెలా ఒక్కటిగా కదలదు, దేనికది ఊగుతుంది. 1976 ఫ్రియులి భూకంపం తర్వాత ఇటలీ ఇంజినీర్లు గమనించింది ఇదే. ఇప్పుడు అక్కడి తనిఖీ ఫారంలో చర్చి కూలే తీరులు 28 ఉన్నాయి, మొదటిది ముందు గోడ బయటికి పడిపోవడం.

గోడను విడి దిమ్మగా చూడండి. మందాన్ని ఎత్తుతో భాగిస్తే 0.10. తన బరువులో పదో వంతు బలం అడ్డంగా పడితే చాలు, గోడ లేవడం మొదలవుతుంది.

జవాబు 2:
పై లెక్క సరైనదే, కానీ 0.10 కూడా ఎక్కువే. అడుగు అంచున రాయి నలుగుతుంది కాబట్టి కీలును, అంటే గోడ ఒరిగేటప్పుడు తిరిగే చోటును, 6 సెం.మీ. లోపలికి జరపాలి. సగం మందం 0.45 నుంచి అది తీసేసి, సగం ఎత్తుతో భాగిస్తే: 0.39/4.5 = 0.087. కట్టడం గురించి సమాచారం తక్కువైతే ఇటలీ పద్ధతిలో 1.35తో భాగిస్తారు, 0.064 మిగులుతుంది. గోడ లేచినా వెంటనే పడిపోదు కాబట్టి 0.25ను తగ్గింపు గుణకం 2తో భాగించినా కావలసింది 0.125. అంటే ఉన్నది సగమే. లోపలి కమానుల వరుస ముందు గోడను తోస్తుంటే ఇంకా తగ్గుతుంది.

ఇదంతా గోడ 0.9 మీటర్ల మందాన ఒకే దిమ్మగా ఉంటేనే. రెండు ముఖాల మధ్య చెత్తరాయి నింపి, అడ్డంగా కట్టే పొడవు రాళ్లు లేకపోతే పొరలు విడిపోతాయి. ముందు రంధ్రం వేసి బోర్‌స్కోప్‌తో (సన్నని గొట్టం కెమెరాతో) చూడండి. గోడలో గాడి కోసి, పలుచని జాక్ పెట్టి ఒత్తిడి కొలిచే ఫ్లాట్ జాక్ పరీక్ష బయటి పొర సంగతే చెబుతుంది, దాని మీదే ఆధారపడవద్దు.

జవాబు 3:
ఇక బలపరచడం. మీటరు గోడ బరువు సుమారు 162 కిలోన్యూటన్లు వేసుకుంటే, 8 మీటర్ల ఎత్తులో మీటరుకు 7.5 చొప్పున మొత్తం 75 కిలోన్యూటన్లు పట్టి ఉంచాలి. రెండు పక్క గోడల వెంట ఒక్కో 24 మి.మీ. స్టీలు టై రాడ్ (ముందు గోడను వెనక్కి పట్టి ఉంచే కడ్డీ) సరిపోతుంది. సాధారణంగా ముందు పోయేది రాడ్ కాదు, దాని చివరి ప్లేటు కింద రాయి నలిగి, ప్లేటు గోడలోకి దిగిపోతుంది. ప్లేటు పెద్దది వేయండి. పాత టైలు ఉంటే తట్టి, ఊగే వేగాన్ని కొలిచి బిగువు తెలుసుకోవచ్చు.

కప్పు కింద బరువైన కాంక్రీటు బీము పోయమనే సలహా వస్తుంది, దయచేసి వద్దు. బలహీనమైన గోడ మీద అది బరువూ, బిరుసుతనమూ కలిసిన సుత్తి. లోపల వాల్ట్‌లు (కమానులా వంగిన రాతి లేదా ఇటుక కప్పులు) ఉంటే, వాటి భుజాల మీద పేరుకున్న శిథిలాలూ చూడండి. 1997 సెప్టెంబరు 26 భూకంపంలో ఇటలీలోని అసిసీ బసిలికాలో (పెద్ద చర్చిలో) వాల్ట్ కూలడానికి అలాంటి నింపుడే ప్రధాన కారణం.

టై వేశాక కీలు పైకి జరుగుతుంది. టైకి పైన మిగిలిన త్రికోణం ముక్కను విడిగా లెక్కించండి. అక్కడ త్వరణం నేల మీదకంటే ఎక్కువ.